వస్తానన్న పాట

మధ్యాహ్నం రెండు దాటింది. కళ్లద్దాల షాపులో వెనక గది. పరీక్ష కుర్చీలో ఒక పెద్దావిడ, ఆవిడ ముందు స్టూలు మీద షాపులో పనిచేసే నడివయసామె.

“మూడో వరుస.”

“చదివాను కదా.”

“రెండో వరుస దాకే చదివారు మేడమ్. మూడోది చదవండి.”

“గ... ప... ఆ తర్వాతది ‘మ’ అయినా అవ్వాలి, ‘య’ అయినా అవ్వాలి.”

“ఊహించి చెప్పొద్దు. కనిపిస్తే కనిపించిందనండి, లేకపోతే లేదనండి.”

“లేదు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు ‘మ’.”

“ఇదీ, ఇందాకటిదీ, ఏది బాగుంది?”

“రెండూ ఒకటే.”

“ఒకటి కాదు మేడమ్. గడ్డం ఎత్తకండి. గోడ మీద అట్ట చూడండి. నా మొహం కాదు.”

“నీ మొహంలో ఏముందని చూస్తానమ్మాయ్?”

“వచ్చినప్పటి నుంచీ అదే చూస్తున్నారు. దగ్గర పని ఎక్కువ చేస్తారా? కుట్టుపనిలాంటిది?”

“ప్రెస్సులో ప్రూఫులు చూసేదాన్ని. ఇరవై ఆరేళ్లు. అచ్చుతప్పులు దిద్దడం.”

“అదీ సంగతి. కళ్లు బాగా అలిసిపోయాయి. సరే, దిగండి, చీటీ రాస్తాను. పేరు చెప్పండి.”

“పేరెందుకు?”

“చీటీ మీద రాయాలి కదా.”

“పెద్దావిడ అని రాసుకో.”

“అలా రాస్తే మా ఓనరుగారు నన్ను కేకలేస్తారు. ఇంటిపేరైనా చెప్పండి.”

“సినిమా పాటలు రాసే మాస్టారి భార్య అని రాయి.”

“ఏ... ఏ మాస్టారు?”

“నీకు ఎంతమంది తెలుసేంటి?”

“ఓనరుగారు భోజనానికి వెళ్లారండీ. షాపు మూసే టైమైంది.”

“రెండింటికి తెరుస్తామని బోర్డు మీద ఉంది. తాళం ఇప్పుడే తీశావు, నేను మెట్ల మీదే నిలబడి ఉన్నాను.”

“నాకు గొడవలొద్దు. ఇది నేను పనిచేసుకునే చోటు.”

“గొడవకి రాలేదు.”

“మరెందుకొచ్చారు?”

“అద్దాలకి.”

“మీ వీధి నుంచి ఇక్కడికి రెండు బస్సులు మారాలి. దారిలో పది షాపులున్నాయి.”

“మా వీధి నీకెలా తెలుసు?”

“పేపర్లో వేశారుగా. ఆయన పోయినప్పుడు.”

“పేపర్లో వీధి పేరు వెయ్యలేదమ్మాయ్. ప్రూఫులు చూసేదాన్నని చెప్పానుగా, అక్షరం వదలను.”

“ఒకసారి వచ్చాను. గేటు దాకా. అంతే. లోపలికి రాలేదు.”

“ఎప్పుడు?”

“ఎప్పుడో. వదిలెయ్యండి.”

“సంతాప సభకీ వచ్చావు.”

“చాలామంది వచ్చారు.”

“వెనక తలుపు దగ్గర నిలబడ్డావు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఆఖరి పాట ఎత్తుకోగానే వెళ్లిపోయావు.”

“బస్సు పోతుందని.”

“సరేలే.”

“చూడండి, మీరనుకున్నట్టు మా మధ్య ఏమీ జరగలేదు.”

“నేనేమనుకున్నానో నీకు తెలుసా?”

“ఎవరైనా ఏమనుకుంటారో తెలుసు. అద్దాలకి వచ్చేవారు. ఆ బెంచీ మీద కూర్చునేవారు. సాయంత్రం షాపు మూశాక బస్టాపు దాకా నడిచేవాళ్లం. రెండేళ్లు. అంతే. చెయ్యి కూడా...”

“చెయ్యి కూడా?”

“ఒకసారి పట్టుకున్నారు. రోడ్డు దాటేటప్పుడు.”

“దాటాక వదిలేశాడా?”

“వెంటనే వదల్లేదు.”

“ఊఁ.”

“మీరే అడిగారు.”

“అడిగాను. చెప్పు. ఏం కబుర్లు చెప్పేవాడు?”

“ఏవో. స్టూడియోలో ఎవరికి ఎవరితో పడదో, ఏ హీరో పాటకి పెదాలు కదపలేక పదహారుసార్లు తీయించాడో. వాళ్ల గొంతులు అనుకరించేవారు. నేను నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని.”

“ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పడానికి తప్ప పెదవి విప్పేవాడు కాదు.”

“ఆ సంగతి నాకు తెలీదు.”

“నీకెందుకు తెలుస్తుంది. పాటల గురించి చెప్పేవాడా?”

“చెప్పేవారు కాదు. అడిగితే నవ్వి ఊరుకునేవారు. అన్నీ రేడియోలో విని తెలుసుకున్నవే. మొదటిది ‘ఆదివారం ఎవరు పెట్టారు’. మా షాపుకి ఆదివారం సెలవు. అది మొదటిసారి పక్కింటి రేడియోలో వచ్చినప్పుడు గిన్నెలు తోముతున్నాను. చెయ్యి అలాగే నీళ్లలో ఉండిపోయింది. ఆ తర్వాత ఊరంతా అదే పాట. కాలేజీ పిల్లలు, బస్సు కండక్టర్లు, ఎవరి నోట విన్నా అదే. అది ఎవరి ఆదివారమో నాకొక్కదానికే తెలుసు.”

“నీకొక్కదానికే.”

“మీకు బాధగా ఉంటుంది. చెప్పను.”

“నా బాధ నేను చూసుకుంటాను. తర్వాత?”

“తర్వాత ‘అద్దాలు తుడిచే చేతులు’. అది ఎవరి మీదో అని పత్రికలవాళ్లు తెగ రాశారు. ఒక హీరోయిన్ అయితే అది తన మీదే అన్నట్టు ముసిముసిగా నవ్వుతూ మాట్లాడింది. ఆ పేపరు మా ఇంట్లో బీరువా అరలో పరిచాను. చీరలు తీసినప్పుడల్లా ఆవిడ మొహం చూసి నవ్వుకునేదాన్ని.”

“ఆ పాటలకి పేరొచ్చాక ఆయన రావడం మానేశాడు.”

“తెలుసా మీకు?”

“కారొచ్చింది. కారున్నవాడు బస్టాపు దాకా ఎందుకు నడుస్తాడు?”

“అలా కాదు. తీరిక లేక.”

“తీరిక లేకేలే. చెప్పి మానేశాడా?”

“చెప్పారు.”

“ఇక్కడికొచ్చి చెప్పాడా?”

“పాటలో చెప్పారు.”

“పాటలో.”

“ఆయన పద్ధతి అది. నోటితో చెప్పలేని మనిషి. మీకంటే ఎవరికి తెలుస్తుంది?”

“పెళ్లెందుకు చేసుకోలేదు నువ్వు?”

“కుదరలేదు.”

“కుదరకపోవడానికేం, కళగల మొహం, చేతిలో ఉద్యోగం.”

“అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు.”

“అమ్మ ఉందా?”

“పోయి పదేళ్లయింది.”

“మరి ఆ తర్వాత?”

“వయసు దాటిపోయింది. ఎందుకండీ ఇవన్నీ ఇప్పుడు?”

“ఒక్క సంబంధం కూడా రాలేదా?”

“వచ్చింది. ఒకాయన. స్కూల్లో లెక్కలు చెప్పేవారు. మంచాయన. మాట్లాడేటప్పుడు చొక్కా గుండీ తిప్పుకుంటూ ఉండేవారు. పెద్దవాళ్లు అన్నీ మాట్లాడేసుకున్నారు. నేనూ ఊఁ అనేదాన్నే. సరిగ్గా ఆ వారం ‘గడియ వెయ్యకు’ వచ్చింది.”

“ఆ వారమా?”

“ఆ వారమే. బస్సులో విన్నాను. ‘గడియ వెయ్యకు తలుపుకి, దారిలోనే ఉన్నాను. ఆలస్యమైతే అలుగు గానీ, రాననుకోకు.’ నా స్టాపు దాటిపోయింది. దిగలేదు. చివరి స్టాపులో కండక్టరు వచ్చి, అమ్మా, ఇక బస్సు ముందుకి పోదు అన్నాడు.”

“లెక్కల మాస్టారికి ఏం చెప్పావు?”

“వద్దని చెప్పించాను. అమ్మ నెలరోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టి, చెయ్యి చూపించి వెళ్లిపోయేది.”

“ఒక పాట కోసం.”

“పాట కోసం కాదు. మాట కోసం. ఆయన వస్తానన్నారు.”

“పద్నాలుగేళ్లవుతుంది ఆ పాట వచ్చి.”

“పదిహేను.”

“నా సంచి ఎక్కడ పెట్టాను?”

“అదేంటి, లేచారు?”

“అద్దాలు ఇంకోసారి చేయించుకుంటాను. నా సంచి...”

“మీ భుజానికే ఉంది. మీరేదో చెప్పడానికి వచ్చారు.”

“లేదు. చూసి పోదామని వచ్చాను. చూశాను.”

“చూసి జాలి పడ్డారా?”

“జాలి కాదమ్మాయ్.”

“జాలే. మొహం మీద కనిపిస్తోంది. ఏం అక్కర్లేదు. మీకు ఇల్లుంది, కాపురం ఉంది. ఫోటోల్లో పక్కన నిలబడ్డారు, సభలో ముందు వరసలో కూర్చున్నారు. నేను ఒక్కటీ అడగలేదు. నాకు మిగిలినవి ఆ పాటలే. అవి మాత్రం నావి.”

“నీవా?”

“నావే. కోపం వస్తే రానివ్వండి. ఇన్నేళ్లు ఆయన పక్కనే ఉన్నారు కదా, మీ మీద ఒక్క పాటైనా రాశారా?”

“తప్పుకో. వెళ్లనివ్వు.”

“చెప్పి వెళ్లండి. ఒక్కటి.”

“లేదు.”

“చూశారా?”

“నా మీద నేనే ఎలా రాసుకుంటాను? సిగ్గు కాదూ?”

“ఏమన్నారు?”

“ఏం లేదు.”

“ఇప్పుడేమన్నారు మీరు?”

“వినపడింది కదా, మళ్లీ ఎందుకు అడుగుతావు?”

“పాటలు మీరు రాశారంటున్నారా?”

“మొదట్లో ప్రాసలు దిద్దేదాన్ని. ప్రెస్సు నుంచి రాగానే నా ముందు కాగితం పెట్టేవాడు, ఇదొక్కటి చూసిపెట్టు అని. దిద్దీ దిద్దీ ఒకరోజు చూస్తే ఆయన రాసిన ముక్క ఒక్కటీ మిగల్లేదు. ఆ రోజు నుంచి ఖాళీ కాగితమే పెట్టడం మొదలుపెట్టాడు.”

“మొగుడు పోయి నాలుగు నెలలు కాలేదు. ఎలా అనగలుగుతున్నారండీ ఈ మాట?”

“ఆయన ఉండగా అనలేకపోయాను కాబట్టి. ఆడదాని పేరు వేస్తే పాటలెవరిస్తారే అన్నాడు. నేనూ సరేనన్నాను. బలవంతమేం పెట్టలేదు.”

“అబద్ధం. నా పాటలు లాక్కుపోవడానికి వచ్చారు మీరు. మనిషి మీవాడే, పేరు మీదే, పాటలు కూడా మీకే కావాలి.”

“అబద్ధమే అనుకో.”

“ఎవరు నమ్ముతారు మిమ్మల్ని?”

“ఎవరూ నమ్మరు. మా అన్నయ్యకి చెప్తే డాక్టరుకి చూపిద్దామన్నాడు. అందుకే ఇక్కడికొచ్చాను. నమ్మగలిగేది నువ్వొక్కదానివే.”

“నేనెందుకు నమ్ముతాను?”

“‘అద్దాలు తుడిచే చేతులు’లో రెండో చరణం చెప్పు.”

“చెప్పను.”

“చెప్పు.”

“‘చిటికెన వేలికి తెల్లకట్టు, నొప్పి నీకు, నిద్ర పట్టదు నాకు.’”

“ఆ కట్టు ఆయన చూశాడా?”

“చూసే ఉంటారు.”

“చూశాడా?”

“అప్పుడు ఆయన ఊళ్లో లేరు. షూటింగుకి వెళ్లారు, ఇరవై రోజులు. మంగళవారం నా వేలు తెగింది, శనివారానికల్లా కట్టు తీసేశాను. ఆయన వచ్చేసరికి గీత కూడా లేదు.”

“నువ్వు చెప్పావా?”

“లేదు.”

“మరి పాటలోకి ఎలా వచ్చింది?”

“నేనూ అనుకున్నాను. ఎన్నోసార్లు అనుకున్నాను. అంత ఇష్టం ఉంటే తెలిసిపోతుందేమో అనుకున్నాను, ఎక్కడున్నా.”

“ఎదురుగా బస్టాపులో నేనున్నాను. ఆయన కళ్లజోడు పెట్టె మీద ఈ షాపు పేరుంది. నిన్ను నాలుగు మాటలు అని పోదామని వచ్చాను. నువ్వు స్టూలెక్కి పై అర తుడుస్తున్నావు, ఆ వేలొకటి విడిగా ఎత్తిపెట్టి. గంట నిలబడ్డాను. రోడ్డు దాటలేదు. ఇంటికెళ్లి రాశాను.”

“ఆదివారం?”

“ఆదివారాలు మా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది ఆయన. చూసింది నేను.”

“ఆగండి. ఒక్క నిమిషం ఆగండి. మీ గేటు దాకా వచ్చానన్నాను కదా. ఆయన రావడం మానేసిన కొత్తలో. కిటికీ తెరిచి ఉంది. ఆయన మంచం మీద పడుకుని, కాలు ఊపుతూ కూనిరాగం తీస్తున్నారు. మీరు బల్ల దగ్గర రాస్తున్నారు. ఆయన చెప్తుంటే మీరు రాసుకుంటున్నారనుకున్నాను.”

“కూనిరాగం ఆయనదే. అది బాగానే తీసేవాడు.”

“మరి కళ్లజోడు? ఒక ఏడాదిలో నాలుగుసార్లు విరగ్గొట్టుకుని వచ్చారు. నన్ను చూడ్డానికే కదా. అది కూడా అబద్ధమేనా?”

“మొదటిసారి ఆయనే విరగ్గొట్టుకున్నాడు. మిగతా మూడూ నేను తొక్కాను.”

“మీరా?”

“చెప్పు కింద వేసి.”

“ఎందుకు?”

“నీ దగ్గరికి వెళ్లొచ్చిన రోజు ఆయన మొహంలో పాట ఉండేది. వెళ్లని రోజు ఉండేది కాదు. ఉదయానికల్లా చరణాలు ఇవ్వాలంటారు సినిమావాళ్లు. ఖాళీ కాగితం ముందు పెట్టుకుని నేనేం చెయ్యను?”

“మీరే పంపారన్నమాట. నా దగ్గరికి.”

“మూడుసార్లు.”

“మీకేమీ అనిపించలేదా?”

“అనిపించింది. అదీ రాశాను. ఏ సినిమాకీ పనికిరాలేదు.”

“నన్నేం చేద్దామనుకున్నారు? నన్ను మనిషనుకున్నారా, ఏమనుకున్నారు?”

“పాటలో అమ్మాయివనుకున్నాను. పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఎక్కడో సుఖంగా ఉండి ఉంటావనుకున్నాను. సభలో చూసినప్పుడు కూడా పక్కన పిల్లలెవరైనా ఉన్నారేమో అని వెతికాను. ఇది నాకు తెలీదు. తెలిసుంటే ఈ మెట్లెక్కేదాన్ని కాదు.”

“తెలిసే కదా ఇందాక వెళ్లిపోతానన్నారు. వెళ్లిపోవాల్సింది.”

“నువ్వు పోనిచ్చావా?”

“నిజమే. నేనే పోనివ్వలేదు.”

“కూర్చో. ఇదిగో స్టూలు.”

“పట్టుకోకండి. నేను కూర్చుంటాను. ఒకటి అడుగుతాను, చెప్తారా?”

“అడుగు.”

“ఆయన నా గురించి ఎప్పుడైనా మాట్లాడారా? మీతో కాదు, ఎవరితోనైనా.”

“నాకు తెలిసి లేదు.”

“సరే. ఒప్పుకుంటాను. ఆదివారం మీరు చూసి రాశారు. వేలు మీరు చూసి రాశారు. కానీ ‘గడియ వెయ్యకు’ నాటికి ఆయన ఇక్కడికి రావడం మానేసి ఆర్నెల్లయింది. మీకు చూడ్డానికి ఆయన మొహంలో ఏముంది? ఏమీ లేదు. కాబట్టి ఆ మాట ఆయనే అనుండాలి. మీరు రాస్తే రాసి ఉండొచ్చు. వస్తానని అనుకున్నది మాత్రం ఆయనే. అవునా?”

“ఎందుకు ఇవన్నీ ఇప్పుడు?”

“నాకు ఇంకేం అక్కర్లేదు. మిగతావన్నీ తీసుకుపోండి, మీవే. ఆ ఒక్క మాట ఆయనదని చెప్పండి చాలు.”

“నన్ను అడక్కమ్మా.”

“ఇందాకటి దాకా అమ్మాయ్ అన్నారు. ఇప్పుడు అమ్మా అంటున్నారు.”

“ఊరుకో.”

“అక్షరం వదలనన్నారు కదా. నిజం చెప్పండి. నిజం కోసమే కదా రెండు బస్సులెక్కి వచ్చారు.”

“ఆ పాట ఉన్న సినిమా చూశావా?”

“చాలాసార్లు.”

“చివర్లో ఏమవుతుంది?”

“ఓడ వస్తుంది. ఆ అబ్బాయి దిగి, చీకటి పడే వేళకి ఆ అమ్మాయి ఇంటికొస్తాడు. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. తోస్తే తెరుచుకుంటుంది. ఎందుకు?”

“డైరెక్టరు మా ముందుగదిలో కూర్చుని ఆ కథ రెండు రకాలుగా చెప్పాడు. ఒకదాంట్లో వస్తాడు, ఇంకోదాంట్లో ఓడ మునిగిపోతుంది. ఏది పెడదాం మాస్టారూ అని అడిగాడు. మా ఆయన పేపరు తిరగేస్తూ, ఏదైనా ఒకటేనయ్యా అన్నాడు. చివరికి వచ్చేదే పెట్టుకున్నారు. నేను వంటింట్లోంచి విని, వస్తానని రాశాను. మునిగిపోయేది పెట్టుకునుంటే, తలుపేసుకోమని రాసుండేదాన్నమ్మా.”